లడఖ్‌కు పల్చటి ఆయిల్

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. రేపు నీ బైకు మీదనే లడఖ్ పోతున్న.

“మన పసుపు యార్డు ఎండకు తట్టుకున్న ఆయిల్ మంచుకు తట్టుకోదా?” అని నవ్వి, ఇంజన్‌ల చిక్కటి ఆయిలే పోయించుకొని లడఖ్ పోయినవు. కొండ మీద చలికి అది గడ్డకట్టింది. బండి స్టార్టు కాలేదు. నువ్వు పాణంతోని రాలేదు, బండి లారీల వచ్చింది.

గందుకే పొద్దున దాన్ని మెకానిక్ మల్లయ్య కాక దగ్గరికి తోసుకపోయి, చలిల గూడ పారే పల్చటి ఆయిల్ పొయ్యమన్న.

పాత ఆయిల్ దించుతూ కాక చెయ్యి గుంజుకున్నడు.

“ఇంజన్ వేడి జేసి తెచ్చినవా బిడ్డా?”

“లేదు కాకా. ఏడాది సంది తాళం నా సంచిలనే ఉన్నది.”

నేను గూడ వేలు ముంచి చూసిన. కాలింది.

కాక కొత్తది పోసిండు.

ఈసారి బండి నేను నడుపుత. నువ్వు వెనుక కూసో.