కాఫీ మిషన్ కాయిలు, పాలిస్టర్ పోగు

8 నవంబర్ 2003, శనివారం

నిర్ణయం! కాఫీ మిషన్‌లో మాడిన హీటర్ కాయిలు నేనే మారుస్తాను. మెకానిక్‌ను పిలవను. ఎవరినీ అడగను. అలగను.

పొద్దున బాపుతో అన్నాను: "మన లూమ్‌ల షెడ్డు నేను చూసుకుంట. బీఎస్సీ చేసి ఇంట్ల గోడలు చూసుకుంట కూసోవాల్నా?"

మీసాల్లో నవ్వాడు. "మొదలు గా కాఫీ డబ్బా బాగుజెయ్ బిడ్డా. వచ్చే శుక్కురారం దాంట్ల కాఫీ తాపిస్తే షెడ్డు తాళంచెయ్యి నీకే. లేకుంటే ఈ ముచ్చట మళ్ల ఎత్తద్దు."

శుక్రవారం లూమ్‌లకు సెలవు. బాపుకు తీరిక. నాకు బోలెడు టైము!

ఆ మిషన్ దీపావళికి నూలు వ్యాపారి ఇచ్చింది. మొదటిరోజే అమ్మ నీళ్ల డబ్బాలో పాలు, చక్కెర, చాపత్త కలిపి పోసింది. "అన్నీ ఒక్కతాన మరుగుతయనుకున్న" అంటుంది ఇప్పటికీ.

10, సోమవారం

వెనక రేకు ఊడదీశాను. మాడిన పాల కంపు. కాయిలు వేలెడంత. దీనికా నేను భయపడింది!

కల్యాణ్ నాకా చౌరస్తాలో దుకాణదారు: "మేడమ్, ప్రెస్ కా హై, కెటిల్ కా హై. కాఫీ మిషన్ తో మై భీ ఫోటో మే దేఖా." ఇస్త్రీపెట్టెది, కెటిల్‌ది ఉన్నాయట; కాఫీ మిషన్ అతనూ ఫోటోలోనే చూశాడట. కెటిల్‌ది కొన్నాను. కొంచెం పొడవు. వంచితే సరి!

11, మంగళవారం

వంచాను. పట్టింది! బిగిస్తుంటే కరెంటు తీగ తెగింది. తప్పు తీగదే.

12, బుధవారం

పని సాగలేదు. పగలంతా లోడ్‌షెడ్డింగ్. "తీగలు కలిపేది కరెంటు లేనప్పుడే కాదే?" అంది అమ్మ. అమ్మతో మాట్లాడటం లేదు.

(అలిగాను. కానీ ఎవరినీ అడగలేదు!)

13, గురువారం

నల్ల టేపు లేదు. అమ్మే వచ్చి కూర్చుంది. "తెగినదాన్ని చూసుకుంట కూసుంటరా? బట్టలు నేసే సాలోల్లం, ముడెయ్యరాదా మనకు?" రెండు తీగలకు నేత ముడి వేసింది. ఎంత సన్నగానో! పైన టేపు బదులు కండె మీది పోగు నేను చుట్టాను. మహా తెలివి!

స్విచ్ వేశాను. నీళ్లు వెచ్చబడ్డాయి. గంతులేశాను. ఆపైన పొగ. పోగు పాలిస్టర్‌ది. కరిగి జిగురులా కారింది.

చీర గాని కాలిందా అని పక్కింటి సుశీలాబాయి గోడ మీంచి: "కాయ్ గం శోభా, సాడీ జళలీ కా?"

"నాహీ మావశీ, కాఫీ!"

అయిపోయింది. రేపే శుక్రవారం.

14, శుక్రవారం

తెల్లారేసరికి వంటింట్లో ఢబ్! మా చాల్‌లో వరసిళ్లన్నీ చీకటి. బాపు చేతిలో స్క్రూడ్రైవర్. మీసం ఒక పక్క మాడింది.

"మెల్లగ మాట్లాడు," అన్నాడు. "నీ మొకం చూడలేక, జర సదిరి పెడ్దమనుకున్న."

బయటినుంచి, మా లూమ్ నడిపే హనుమాండ్లు కేక: "సేటూ, కరెంటేమైంది?"

"పైకెల్లే, లైన్లనే పోయిందట!" అన్నాడు బాపు.

నేను గుమ్మం వైపు నడిచాను. "అసలు సంగతి చెప్పి వస్త బాపూ."

"ఆగు! ఇంకో వారం తీస్కో."

"తాళంచెయ్యి ఇప్పుడే కావాలె."

జేబులోంచి తీసి ఇచ్చాడు. "వచ్చే శుక్కురారం దాకనే. కాఫీ రాకుంటే వాపస్."

15, శనివారం

నిర్ణయం! మళ్లీ మాడిన కాయిలు నేనే మారుస్తాను. నల్ల టేపు కొన్నాను. బాపును వంటింట్లోకి రానివ్వను.

అమ్మ అడిగింది: "ఇంతకు కాఫీ ఎట్లుంటదే?"

ఆలోచిస్తే మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ తాగలేదు. బాపు కూడా. వేడిగా, నల్లగా, చేదుగా ఏదొచ్చినా కాఫీయే!