మొగని సంతకం

అక్కకు నీ చెల్లె సుజాత దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను మంచిగనే ఉన్న. అక్కడ నువ్వు, బావ, పిల్లలు మంచిగున్నరనుకుంటున్న. బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతడు. అందుకే కాగితం మీద రాసి, మీ ఊరికి మిర్చి కూలీలను తెచ్చే జీపు డ్రైవర్ చేతికి ఇస్తున్న. ఒక్కదానివే చదువుకో.

నా గురించి రంది పడకు. ఈ బస్తర్‌ల ఎండలు అప్పుడే ముదిరినయి. ఆస్పత్రిల నర్సులం ఇద్దరమే, క్వార్టర్‌ల నేనొక్కదాన్నే. పొద్దంతా హిందీ మాట్లాడి మాట్లాడి, సాయంత్రానికి తెలుగు మాట కోసం వెతుక్కుంటున్న. నువ్విచ్చిన పండుమిరప పచ్చడి అయిపోయింది, అదే జీపుల పంపు. ఆరోగ్యం బాగనే ఉంది, నిజంగనే. మనసే బాగలేదు.

పది రోజుల కింద ముత్తి అని ఒకామె వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి. మూడో కాన్పుల రక్తం పోయి చావు దాకా పోయొచ్చింది. ఎన్నో నెల అని అడిగితే, "వడ్లు కల్లం నుంచి ఇంటికొచ్చినంక బయట కూసోలేదు" అన్నది. ఇక్కడ తారీఖులతో ఎవరూ లెక్క పెట్టరు. నేను వేళ్ల మీద లెక్కేస్తే నాలుగో నెల నడుస్తుంది. "సిస్టర్, ఈ కడుపు తీసేయ్. ఇంకోసారి కంటే నేను బతకను" అన్నది. నేనేమన్ననో తెలుసా? "మీ ఆయన సంతకం తీసుకరా" అన్న. ఉద్యోగంల చేరినప్పటి నుంచి నోటికి అట్లనే అలవాటైంది. ఆయనేమో మీ ఊరికి మిర్చి ఏరను పోయిండు. ఆమె చిన్నదాన్ని చంకనేసుకొని, ఆయన కోసం మీ దిక్కు సరిహద్దుకు పోయే తర్లగూడ బస్సెక్కింది.

బుధవారాలు వచ్చే లేడీ డాక్టర్ రిజిస్టర్ చూసి, "ఈమె ఏది?" అని అడిగింది. జరిగింది చెప్పిన. "పద్దెనిమిదేండ్లు నిండినామెకు ఆమె సంతకం చాలు. మొగునిది కావాలని చట్టంల ఏడుంది?" అన్నది. పన్నెండేండ్ల సర్వీసు నాది. తల ఎత్తలేకపోయిన.

ఇగ చాయ్ కాడ రోజూ అదే పంచాయితీ. "పతి సైన్ లేకుంటే, రేపు ఆయన వచ్చి గొడవ చేస్తే ఎవరు జవాబ్ చెప్తరు?" అంటడు క్లర్కు. ఇంకో నర్సు కడుపు తీయుడే పాపమంటది. ఆమె నమ్మకం ఆమెది, కాదన. కానీ ఆడపిల్లనా మగపిల్లనా అని పరీక్ష చేయుడు నేరం అని గోడకు బోర్డుంటే, అది చూపించి కడుపు తీయుడే నేరం అంటున్నరు. అది వేరే చట్టం, ఇది వేరే చట్టం అని చెప్పి చెప్పి నా నోరు నొస్తుంది. టీవీలల్ల దీని మీద గంటలు గంటలు కొట్లాడుకుంటరు, ముత్తి దాకా ఒక్క ముక్క రాదు. దసరాకు బావ కూడా అన్నడు గదా, ఆడోళ్ల చేతికి చట్టమిస్తే ఇల్లు నిలవదని. ఆ రోజు నేను నవ్వి ఊకున్న. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది.

ఇరవై వారాలు దాటితే ముత్తికి కుదరదంట. ఇంకా నాలుగు బుధవారాలే ఉన్నయి. ఆలస్యమైన కొద్దీ ఆమె పానానికే కష్టం.

అక్కా, నీ కాళ్లు మొక్కుత. బస్తర్ కూలీల గుడిసెల కాడికి పోయి ముత్తి అని అడుగు. మొగని సంతకం అక్కరలేదని పక్కకు పిలిచి చెప్పు. మొగడు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా వచ్చేయమను. ఆమె మనసు మారితే అది ఆమె ఇష్టం, బలవంతం చేయకు. పేరు బయట పెట్టొద్దనేది కూడా చట్టమే. నీకు రాసి ఆ తప్పు కూడా చేస్తున్న. బావకు చెప్పకు, చదివి పొయ్యిల వేయి.

మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు, పిల్లలను అడిగిన అను. పెద్దదానివి, దీవించు. తిట్టాలనిపిస్తే తిట్టు కూడా.

ముత్తికి రాత రాదక్కా, వేలిముద్రనే. కావాల్సింది ఆ ఒక్క వేలు. అది నా ముందర ఆమె చేతికే ఉండె, నేను రాష్ట్రం దాటించి పంపిన.

నీ చెల్లె
సుజాత