అక్క గది ముందు తడి

చిట్టీ,

"రోజూ ఏం కడుగుతావమ్మా, ఆ పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్" అని నిన్న ఫోన్‌లో అన్నావు. నేను ఫోన్ పెట్టేశానని కోపం అనుకోకు. ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మీ అక్క చనిపోయిన వారానికి తన గదికి తాళం వేశాను కదా. పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్ళే ఇసుక తొట్టిని అప్పుడే తెచ్చి బాత్రూంలో పెట్టాను. అప్పటినుంచి అది తొట్టి మొహం చూడలేదు. ఎన్నిసార్లు కడిగినా వచ్చి అక్క గది గడప దగ్గరే పోస్తోంది.

ఈ పొద్దున ఒళ్ళు మండి చీపురు ఎత్తాను. "రెండేళ్ళు మంచంలో ఉన్నదానికి ఎత్తిపోశాను, ఇప్పుడు నీకూ చెయ్యాలా ముదనష్టపుదానా" అనేశాను. నా మాట నాకే వినపడి చీపురు దించేశాను. అది పారిపోలేదు. తలుపు కింద సందులో కాలు పెట్టి గీరుతూనే ఉంది.

అప్పుడు తెలిసొచ్చింది. తొట్టి ఎప్పుడూ అక్క మంచం కిందే ఉండేది. ఇసుక గీరిన చప్పుడు వినపడితే అక్క, "అమ్మా, మా ఇద్దరికీ ఒకేసారి వచ్చింది, ముందు ఎవరి సంగతి చూస్తావ్?" అని నవ్వేది. తన సిగ్గు అలా దాచుకునేది నా తల్లి.

తాళం తీసి తొట్టిని పాత చోటే పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. అది గబగబా వెళ్ళి ఇసుక గీరింది. ఆ చప్పుడుకి నేను వంటింట్లోంచి "వస్తున్నానే" అని కేకేసి బయల్దేరాను. సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, పిలిచే మనిషి లేదని.

దాన్ని ఇచ్చెయ్యమని ఇంక అనకమ్మా. ఈ చేతులకి ఆ పనైనా ఉండనీ. నువ్వు మాత్రం వేళకి కడుపునిండా తిను.