బాసింపట్టు వేయలేని కాలు

ముంబయి,
బుధవారం.

పూజ్యులైన అన్నయ్యగారికి తమ్ముడు సత్యం నమస్కరించి రాసేది. నా కుడి తుంటి తప్ప ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ దగ్గు తగ్గిందా? వదినగారు, పిల్లలు కులాసాయేనా?

ఇక్కడ మూడు వారాలుగా ఒకటే వాన. గుడి రెండు వీధుల అవతలే, అయినా కాలు నొప్పికి నాలుగు చోట్ల ఆగి వెళ్తున్నాను. వదినగారు పంపిన మాగాయ ఉంది కాబట్టి రెండు పూటలా అన్నం దిగుతోంది.

కిందటి వారం ఫోన్‌లో మీరేమన్నారు? "రాజమండ్రి డాక్టరుగారిని అడిగానురా. కీలు మొత్తం మారిస్తే కింద కూర్చోకూడదుట. తొడ ఎముక పైనుండే గుండుకి లోహపు తొడుగు వేయించుకుంటే బాసింపట్టు వేసుకోవచ్చుట. అదే చేయించుకో" అన్నారు. మీ మాట ప్రకారం ఇక్కడి డాక్టరుగారిని తొడుగే వేయమన్నాను. ఆయన ఎక్స్‌రే చూసి, ఏం మందులు వాడావని అడిగారు. ఆయాసానికి పదేళ్ళు మింగిన మాత్రల పేరు చెప్పాను. గుండు చచ్చింది వాటివల్లేనట. దాని కింది మెడ కూడా గుల్లబారిందట. తొడుగు వేస్తే అది విరగవచ్చు, లోహం రాసుకుని ఆ పొడి ఒంట్లో చేరవచ్చు. మొత్తం మార్చినా భయం లేకపోలేదు. కాలు మడిస్తే కీలు జారవచ్చు, కొన్నేళ్ళకి అరిగితే మళ్ళీ ఆపరేషన్. అయినా నాకు అదే నయమన్నారు.

ఆ మాత్రలు మొదట కొనిపెట్టింది మీరే కదా! వాటి సంగతి రాజమండ్రి డాక్టరుగారికి చెప్పారా అని మళ్ళీ ఫోన్ చేసి అడిగితే, "అవన్నీ ఎందుకురా, కూర్చోగలవా లేదా అన్నదే కదా మనకి కావలసింది" అన్నారు. నా ఎముక సంగతి గాలికొదిలేసి నా బాసింపట్టు గురించి అడిగి వచ్చారు.

మీ భయం నాకు తెలియనిది కాదు. పీట మీద కూర్చోలేని పురోహితుణ్ణి ఇక్కడ గుడివాళ్ళు ఉంచుకోరు. అప్పుడు నేను ఊరు రావాలి. నాన్నగారు పోయాక, మనం పౌరోహిత్యం చేసే ఇళ్ళు రెండు కుటుంబాలకి చాలవంటూ నన్ను రైలెక్కించారు. ఇప్పుడు వచ్చి వాటా అడుగుతానని మీ బెంగ. దానికోసం నా కాలు పణం పెట్టారని తెలిసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను.

సోమవారం కీలు మొత్తం మార్పించుకుంటున్నాను. గుడివాళ్ళు అప్పుడే వేరే ఆయన్ని చూసుకున్నారు. నడక రాగానే అందరం వచ్చేస్తాం. ఎత్తు కుర్చీ ఒకటి చేయించి ఉంచండి. దాని మీద కూర్చునే వ్రతాలు చేయిస్తాను. వద్దనుకుంటే ఆ ఇళ్ళవాళ్ళు అనాలి, మీరు కాదు.

వదినగారికి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు. అమ్మ పాదాలకి నమస్కరించానని చెప్పండి. ఆపరేషన్ సంగతి మాత్రం నేనే చెప్పుకుంటాను. మీరైతే సగమే చెబుతారు.

మీ ఆశీస్సులు కోరే,
సత్యం