రేవు కూలీ మాటలు

హెరాల్డ్ గారూ,

మీరు పోయి నేటికి ఏడాది. కేంబ్రిడ్జ్‌లో, మీ వీధి చివరి హాల్లో, ఇవాళ మీరు రాసిన నాటకం వేశారు. అందులో రేవు కూలీ వేషం నాది, మీ బేస్‌మెంట్‌లో అద్దెకున్న కుర్రాడిది.

“వేర్‌హౌస్‌లో మోసేది చాలదేంట్రా, ఇక్కడా మూటలేనా?” అని రూమ్మేట్ సతీశ్ ఎగతాళి చేశాడు. డైరెక్టరమ్మ అయితే, “నీ యాక్సెంట్ ఎవరికీ అర్థం కాదు. మాటలు తీసేద్దాం, ఊరికే మూట మోసుకెళ్లు” అంది. ఒళ్లు మండింది. “మాటలుంటేనే మూట మోస్తా” అన్నాను. ఆవిడ ఒప్పుకోక తప్పలేదు.

కోపం మీ మీద కూడా ఉండేది. లండన్‌లో దొరల వేషాలు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి, కూలీ నోట మాత్రం ఈ మధ్యమధ్యలో తెగిపోయే ముక్కల మాటలు పెట్టాడేమని తిట్టుకున్నాను.

రిహార్సల్స్‌లో మోసింది దూది సంచే. ఇవాళ పంతంకొద్దీ, మంచు మీద చల్లే ఉప్పు బస్తా భుజానికెత్తుకుని స్టేజీ ఎక్కాను. బరువుకు నా ఊపిరి ఎక్కడ తెగితే మీ వాక్యం సరిగ్గా అక్కడే ఆగింది. ప్రతిసారీ! హాల్లో ఒక్కరూ కదల్లేదు.

ఏ రేవులో, ఏ వయసులో మోశారండీ బస్తాలు? ఒక్క రోజైనా నాతో చెప్పలేదే!