చొక్కా జేబులో పట్టే డిస్కు

మహబూబ్‌నగర్,
14-8-1997.

రజాక్ మామూకు సలాం.

మన డీటీపీ సెంటర్‌లో వాటాలున్న మీరు ముగ్గురూ హైదరాబాద్‌లో కూర్చుని, డిస్కు డ్రైవులు చేసే కంపెనీల్లో ఏది గెలుస్తుందని మూడు ఆదివారాలు వాదించుకున్నారట. నా దగ్గరున్న పాత డ్రైవు తెప్పించి అమ్మేసి, ఎక్కువ పట్టే కొత్త కంపెనీది కొనాలని తేల్చారట. నాలుగో వాటా నాది. నన్నెవరూ అడగలేదు.

డ్రైవు పంపను.

నేను కంపోజ్ చేసిన పెళ్లికార్డులు, కరపత్రాలు రోజూ డిస్కులో ఎక్కించి బస్టాండుకు తీసుకెళ్తాను. హైదరాబాద్ బస్సు కండక్టర్ సైదులు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, "ఫికర్ చెయ్యకక్కా, టికెట్ల సంచన్న మర్సిపోత గని గిది మర్వ" అంటాడు. అక్కడ వాటిని అచ్చువేసే మన ప్రెస్సువాళ్ల దగ్గరున్నదీ ఇదే రకం డ్రైవు. మీరు చెప్పే కొత్తదాంట్లో ఈ డిస్కులు దూరనైనా దూరవు. నా రెండేళ్ల పనిని అప్పుడెవరు తెరుస్తారు?

ఈ ఉత్తరాన్ని కాగితం మీద రాయలేదు. సైదులు జేబులో, డిస్కులోనే పంపుతున్నాను. చదవాలంటే మీరు ప్రెస్సుకు వెళ్లి, వద్దన్న ఆ రకం డ్రైవులోనే పెట్టించుకోవాలి.

ఇక్కడిదాకా చదివారంటే, అది ఇంకా పనికొస్తున్నట్టే కదా మామూ?

మీ మేనకోడలు,
నాలుగో వాటాదారు.