చొక్కా చేతులు కుట్టే పద్ధతి

మేనేజరు గారికి,

నా జీతం పెంచుతూ మీరు ఇచ్చిన కాగితాన్ని ఈ ఉత్తరంతో పాటు తిప్పి పంపుతున్నాను. కోపంతోనే పంపుతున్నాను, కానీ కారణం చెప్పకపోవడం మర్యాద కాదు.

చొక్కా చేతులు ముడతపడకుండా కుట్టడం గురించి నేను రాసిన చిన్న పుస్తకం వల్ల, వెనక్కి వచ్చే చొక్కాలు సగానికి తగ్గాయని మీరు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ పద్ధతి నాది కాదండీ. మూడో వరుసలో కిటికీ పక్క మిషను మీద పదహారేళ్లుగా కుడుతున్న మా అమ్మది. ఆమె చెబుతుంటే నేను రాశాను, అంతే. మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే. ఈ సంగతి అప్పుడే సూపర్‌వైజరు గారికి చెప్పాను. "చదువు రానివాళ్ల పేరు పుస్తకం మీద ఎందుకమ్మా?" అన్నారు. నేను నా పేరే వేసి ఇచ్చాను. అది నా తప్పు.

నైపుణ్యం లేని పని అని చెప్పి, అమ్మకు ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ల జీతమే ఇస్తున్నారు. ఆ కొత్తవాళ్లే పుస్తకం అర్థం కానప్పుడల్లా ఆమె దగ్గరికి పరిగెత్తుతున్నారు.

కాగితం చూపిస్తే అమ్మ నవ్వింది. "నాకు పెరగకపోతేనేం, నీకు పెరిగిందిగా. నీకు బొత్తాం కుట్టడం కూడా రాదని మాత్రం వాళ్లకి చెప్పకే" అంది.

చెబుతున్నానండీ, నాకు రాదు. కాలరు కుట్టడం గురించి రెండో పుస్తకం సోమవారానికి కావాలన్నారు. అది మా అమ్మ వేళ్లలో ఉంది. పెంచిన జీతం కాగితం మీద ఆమె పేరు రాసి, మూడో వరుసకు మీరే వచ్చి అడగండి. ఆమె చెబుతానంటే, నోటుపుస్తకం పట్టుకుని నేను పక్కన నిలబడతాను.

ఇట్లు,
మీ ఆఫీసు గుమస్తా,
మూడో వరుసలో కుట్టే ఆమె కూతురు